మధ్యవర్తి

యార్డులోనే, బండి కింద వెల్లకిలా పడుకుని
ట్రే విప్పగానే వాసన చెప్పేసింది.
అడుగంటిన పాల వాసన.
ఎర్రగా ఉండాల్సిన నూనె
నిన్నటి డికాక్షన్‌లా కారింది.
అయస్కాంతం మీద ఉక్కు పొడి,
గడ్డం గీసుకున్నాక బేసిన్ ఉన్నట్టు.
వేలితో తీసి కుర్రాడికి చూపించాను:
"ఇదిగో కోబీ, నీ మూడో గేరు."

ఏడాదిలో మూడో గేర్‌బాక్స్ కూడా ఇదే.

"ఇంజను మాత్రం బంగారం, రైయా" అన్నాడు.
నేనెప్పుడు కాదన్నాను?
ఆరు వందల గుర్రాలని డైనో కాగితం చెబుతోంది.
దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని
మౌంట్ ఐసా అంతా తిరుగుతున్నాడు
తొలిచూలు బిడ్డ ఫోటో పట్టుకున్నవాడిలా.

గుర్రాల్ని కొన్నావు నాయనా,
పగ్గం మాత్రం పాతదే ఉంచావు.

మళ్లీ ఇదే కట్టమంటే కడతాను.
గట్టి క్లచ్ పలకలు, లావుపాటి షాఫ్టు,
దీనికి ఊరికొక వైద్యం ఉంది.
కొన్నాళ్లు బాగానే ఉంటుంది.
ఆ తర్వాత ఒక శనివారం రాత్రి
నీ జతగాళ్లంతా కంచె పట్టుకుని చూస్తుండగా
రెండులోంచి మూడుకు ఎక్కబోయి,
ఇంజను గొంతు చించుకుంటుంది,
చక్రాలకు ఆ మాట చేరదు.

అటు చూడు, మూల గోనె కింద.
టన్ను బరువు మోసే ట్రక్కు కోసం పుట్టింది.
చూడ్డానికి ఏమీ బాగుండదు.
పాతిక కిలోలు ఎక్కువ తూగుతుంది.
దీనికోసం కింద అడ్డదూలం వెనక్కి జరపాలి,
ప్రొపెల్లర్ షాఫ్టు కోసి పొట్టి చెయ్యాలి,
కూలర్ పెద్దది పెట్టాలి.
మొదటి గేరులో మునుపటిలా ఎగిరి దూకవు.
తనను తాను తిప్పుకోవడానికే
నీ గుర్రాల్లో ముప్పయ్యో నలభయ్యో మేసేస్తుంది.

వాడి మొహం మాడిపోయింది.
"డబ్బిచ్చి మరీ బలం పోగొట్టుకోవాలా?"

అవును.

మా నాన్న ఫిన్లాండు మంచు వదిలి
ఈ రాగినేల ఎండలోకి వచ్చాడు.
ఇరవై రెండేళ్లు గని మీద
వైండింగ్ ఇంజను హ్యాండిలు పట్టుకున్నాడు.
కిలోమీటరు లోతుకు మనుషుల్ని దించాడు,
షిఫ్టు దిగాక మనుషుల్నే పైకి లాగాడు.
మోటారు బలమెంతని అడిగితే
తల గోక్కునేవాడు.
తాడు మందం మాత్రం మిల్లీమీటర్లలో చెప్పేవాడు,
నిద్రలో లేపి అడిగినా.
దిగేవాళ్లు ఆయన్ను పలకరించేవాళ్లు కారు.
తాడు వంక ఒకసారి చూసి బోనెక్కేవాళ్లు.

మోసేవాడికి తెలుసు కావడి బరువంటారు,
కావడిబద్దకు ఇంకా బాగా తెలుసు.
అటు కుండ, ఇటు కుండ, కింద భుజం.
వంగేది అది.

ఇంత చెప్పాను గాని
నా ఇరవై రెండో ఏట
నేనూ నాలుగు విరిచానని చెప్పలేదు.
చెబితే ధర తగ్గించమంటాడు.

"ఆలోచించుకుంటా" అన్నాడు.
ఆలోచించుకో.
గని పొగగొట్టం నీడ షెడ్డు గుమ్మం దాకా వచ్చింది,
రాత్రికి బండి లోపల ఉండాలి.
జాకీ దించాను.
వాడు తలుపు దగ్గర, ఒక చెయ్యి స్టీరింగు మీద.
నేను వెనక.
గుమ్మం ముందు చిన్న మిట్ట ఉంది,
ఖాళీ చేతులతో నడిస్తే తెలియనే తెలియదు.
ఆరు వందల గుర్రాలూ వచ్చి
మా అరచేతుల మీద చేరగిలబడ్డాయి.
సగంలో ఆగాం.
నా మోకాలు చక్రానికి అడ్డం పెట్టాను.

"ఆ అడ్డదూలం" అన్నాడు రొప్పుతూ,
"ఎంత వెనక్కి జరపాలేంటి?"